ఇప్పుడు ఫ్లాపీ తీయవచ్చు

మొన్న ఒక కాలేజీలో నాలుగు మాటలు చెప్పమంటే వెళ్లాను. కంప్యూటర్ ల్యాబ్‌లో అన్నీ లైనక్స్ మిషన్లే. అక్కడి లెక్చరరమ్మ పెన్‌డ్రైవ్ గుచ్చగానే అది దానంతటదే మౌంట్ అయ్యి తెర మీద తెరుచుకునేలా ఏర్పాటు చేసుకుంది. పాస్‌వర్డు అడగదు, ప్రశ్నలు వేయదు. చూపించి మురిసిపోయింది. నేనూ మురిశాను. "తీసేటప్పుడు ఏమంటుందమ్మా?" అని అడిగాను. "ఏమీ అనకుండా చేసినాను సార్, పిల్లోళ్లు బెదిరిపోతారని" అంది. ఆ మాట వినగానే నా మొహంలో రంగు మారి ఉంటుంది. కాఫీ తెమ్మంటారా అని అడిగింది పాపం.

కాఫీ తాగి వచ్చేశాను కానీ, చెప్పాల్సింది చెప్పకుండా వచ్చానన్న బాధ మిగిలింది. ఆ అమ్మాయికి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా నలుగురి కోసం ఒక పనిని సులువు చేసే ఉద్యోగంలో ఉంటే చదవండి.

ఎనభైల రెండో సగం. నేను ఆదోనిలో ఒక పత్తి కంపెనీలో పని చేసేవాణ్ణి. కాగితం మీద సిస్టమ్స్ ఆఫీసరును, ఊళ్లో మాత్రం కంప్యూటరాయనను. కంపెనీకి ఆదోనిలో జిన్నింగు ఫ్యాక్టరీ, ఎమ్మిగనూరులో నూలు మిల్లు ఉండేవి. ఆదోనిలో పత్తి కొని, గింజ తీసి, బేళ్లు కట్టి, ప్రతి లాటు నుంచి గుప్పెడు దూది తీసి పరీక్ష చేసేవాళ్లం. పోగు పొడుగెంత, బలమెంత, తేమ ఎంత అని. ఆ ఫలితాలు మిల్లుకు చేరితే, ఏ లాటును ఏ లాటుతో ఎంత కలపాలో అక్కడ తేల్చుకునేవాళ్లు. కలపడంలో తేడా వస్తే దారం తెగుతుంది. పత్తి గురించి నాకు తెలిసింది అంతే, మీకూ అంత చాలు.

రెండు చోట్లా ఒకే రకం యూనిక్స్ మిషన్లు. యూనిక్స్ అంటే ఇవాళ్టి లైనక్స్‌కు పెదనాన్న అనుకోండి. సైజులో బట్టల బీరువాకు సగం. దానికి మూడు నాలుగు తెరలు తగిలించేవాళ్లం, వేరువేరు బల్లల దగ్గర కూర్చుని నలుగురు ఒకేసారి ఆ ఒక్క మిషను మీద పని చేసుకోవచ్చు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. రెండు ఊళ్ల మధ్యా తీగ ద్వారా ఏదైనా పంపడమనేది మేము పత్రికల్లో చదివిన ముచ్చట. మాకున్న నెట్‌వర్కు ఆదోని–ఎమ్మిగనూరు బస్సు. ఫలితాలను ఫ్లాపీలోకి ఎక్కించి, రెండు అట్టముక్కల మధ్య పెట్టి, మిల్లుకు పోయేవాళ్ల చేతికిస్తే గంటన్నరలో చేరేది. బస్సులో దాని మీద ఎవరూ వేరుశనగ బస్తా పెట్టకపోతే.

ఇబ్బంది ఎక్కడంటే, ఫ్లాపీ దూర్చినంత మాత్రాన ఆ మిషను దాన్ని పట్టించుకోదు. మౌంట్ చేయాలి, అంటే ఈ ఫ్లాపీని నీ సొంత డిస్కులో భాగంగా కలుపుకో అని దానికి ఆజ్ఞ ఇవ్వాలి. పనయ్యాక అన్‌మౌంట్ చేయాలి. అప్పుడు మిషను తన దగ్గర అట్టిపెట్టుకున్న రాతలన్నీ ఫ్లాపీ మీద పూర్తిగా రాసి వదిలిపెడుతుంది. ఈ రెండు ఆజ్ఞలూ రూట్ అనే సర్వాధికారి మాత్రమే ఇవ్వాలి. ఆ పాస్‌వర్డు నా ఒక్కడి దగ్గరే ఉండేది. దాంతో వారానికి మూడుసార్లు, ఒక వరస ఆజ్ఞ టైపు చేయడం కోసం నేను ఎమ్మిగనూరు బస్సెక్కేవాణ్ణి. కండక్టరు నన్ను చూసి "ఏం సార్, మళ్లీ రిపేరా?" అనేవాడు. రిపేరేం లేదు నాయనా, తలుపు తీసి రావాలి అంతే అని ఎలా చెప్పను.

విసుగొచ్చి ఒక రోజు కూర్చుని మిల్లు కోసం ఒక మెనూ రాశాను. ఒకటి నొక్కితే ఫ్లాపీ మౌంట్ అవుతుంది. రెండు నొక్కితే అన్‌మౌంట్ అవుతుంది. రూట్ చేయాల్సింది లోపల అదే చేసుకుంటుంది, పాస్‌వర్డు ఎవరికీ తెలియనక్కర్లేదు. ఇవాళ మీకిది చిన్న పని. ఆ రోజుల్లో నేను నడుచుకుంటూ పోతుంటే మిల్లు క్యాంటీనులో టీ ఊరికే ఇచ్చేవాళ్లు.

ఆ మెనూ వాడేవాళ్లు ముఖ్యంగా ఇద్దరు. ఒకరు టైపిస్టమ్మ. మంత్రాలయం దగ్గర ఊరు, గుడి సేవలో ఉన్న కుటుంబం, వాళ్లింట్లో నౌకరీకి బయటికొచ్చిన మొదటి ఆడమనిషి. రోజూ పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. ఫ్లాపీ పెట్టి, ఫలితాలు దించుకుని, ఆ రోజు మిక్సింగు వివరాలు మిల్లులోనే ఉండే ఇంకో ఫ్లాపీలో చేర్చడం ఆమె పని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఆరు నెలలు చూసి ఆర్డరిస్తామన్నారు. పద్ధతి విషయంలో ఆమెకు తిరుగులేదు. నేను చెప్పిన ప్రతి మెట్టూ నోటుబుక్కులో రాసుకుని, చేసిన ప్రతిసారీ పక్కన టిక్కు పెట్టేది.

రెండో ఆయన మిక్సింగు మేస్త్రి. హొళగుంద మనిషి, తెలుగు, కన్నడం ఒకే వాక్యంలో మాట్లాడేవాడు. దూదిని రెండు వేళ్ల మధ్య లాగి చూసి పోగు పొడుగు చెప్పేవాడు, మా ల్యాబు మిషను తర్వాత తీరిగ్గా అదే చెప్పేది. కంప్యూటరంటే ఆయనకు మొదట్లో పడలేదు. ఇంకో బల్ల దగ్గర ఆయన కోసం ఒక తెర పెట్టి, టైపిస్టమ్మ ఫ్లాపీ మౌంట్ చేయగానే లాట్ల పట్టీ అక్కడ కూడా చూసుకునేలా చేశాను. దాంతో కొంచెం మెత్తబడ్డాడు.

మొదటి వారంలో మిల్లు నుంచి రోజూ ఫోన్లు. మిషను ఏదో కిట్టనప్పుడల్లా ఇంగ్లీషులో ఒక వరస చూపించేది. "సార్, ఇది తిడ్తాండాదప్పా. ఏమంటాండాదో తెలీదు గానీ మంచి మాటైతే కాదు" అని మేస్త్రి. టైపిస్టమ్మకు ఇంగ్లీషు వచ్చు, అయినా మిషను ఇంగ్లీషు వేరు కదా, ఆమె కూడా కంగారుపడేది. నూటికి తొంభై సార్లు అవి పట్టించుకోనక్కర్లేని గొణుగుళ్లే. అందుకని ఒక శనివారం నేను ఆ మెసేజీలన్నిటినీ ఎవరికీ కనపడకుండా చేసేశాను. యూనిక్స్‌లో అడుగు లేని చెత్తబుట్ట ఒకటి ఉంటుంది, అందులో పడేసింది మళ్లీ కనపడదు. మిషను గొణిగిందంతా అటు మళ్లించాను. రెండు నొక్కగానే తెర మీద ఒకే ఒక్క మాట వచ్చేలా పెట్టాను. తెలుగు అక్షరాలు ఆ తెరకు రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మాట రాశాను: ఇప్పుడు ఫ్లాపీ తీయవచ్చు.

ఫోన్లు ఆగిపోయాయి. మిల్లు మేనేజరు నన్ను పిలిచి టీ ఇప్పించి, "ఇట్లుండాలప్పా పనంటే" అన్నాడు. ఆదోని వ్యాపారుల ఇంటి మనిషి, పొగడ్త విషయంలో చేతికి ఎముక ఉన్నవాడు. అలాంటివాడు అంతమాట అనేసరికి నేను గాలిలో తేలాను. బెంగళూరు హెడ్డాఫీసులో ఒక పోస్టు ఖాళీ ఉంది, నీ పేరు రాస్తాను అని కూడా అన్నాడు.

రెండు నెలలకు మొదటి ఫ్లాపీ చెడింది. ఫ్లాపీలన్నాక చెడతాయి, ఆదోని నుంచి మళ్లీ పంపాం. మూడు వారాలకు రెండోది. మళ్లీ పంపాం. ఆ నెలలోనే మూడోది పోయింది, ఈసారి పోయినవి మేము పంపిన ఫలితాలు మాత్రమే కాదు. సీజను మొదటి నుంచి టైపిస్టమ్మ రోజూ మిక్సింగు చరిత్ర చేర్చుకుంటూ వచ్చిన ఫ్లాపీ కూడా దాంతో పాటే పోయింది. ఏ లాటు దేంతో కలిపారు, ఆ రోజు దారం ఎలా వచ్చింది అన్నీ అందులోనే. దానికి రెండో ప్రతి లేదు. పది రోజులు మేస్త్రి చేతి అంచనాతో మిక్సింగు నడిపాడు. ఎంత చెయ్యి తిరిగినవాడైనా అన్ని బేళ్లు వేళ్లతో లాగి చూడలేడు కదా. మిల్లులో దారం తెగడం ఎక్కువైంది, సూపర్‌వైజర్లు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు, ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల దగ్గర నుంచి నూలు తిరిగొచ్చింది.

తప్పెవరిదో తేల్చమని మేనేజరు నాకు అప్పగించాడు. నేను మూడుసార్లు మిల్లుకు వెళ్లాను. టైపిస్టమ్మ పక్కన కూర్చుని, "ఎట్లా చేస్తావో చేసి చూపించమ్మా" అన్నాను. ఒకటి నొక్కింది. పని చేసింది. రెండు నొక్కింది. తీయవచ్చు అని వచ్చింది. తీసింది. నేను చూస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి. మళ్లీ చేయించాను. ఇంకో రోజు వెళ్లి పదిసార్లు చేయించాను. పదిసార్లూ సరిగ్గానే ఉంది. పదిసార్లూ ఆమె నోటుబుక్కులో టిక్కు పెట్టుకుంది.

నేను కూర్చుని ఉంటే ఏ ఇబ్బందీ లేదు, నేను లేనప్పుడు ఫ్లాపీలు పోతున్నాయి. దాన్నిబట్టి నా అంత తెలివైనవాడు ఏమనుకోవాలో అదే అనుకున్నాను. మిషనులో లోపం లేదు, ఆపరేటరు రెండు నొక్కకుండానే ఫ్లాపీ లాగేస్తోంది అని ఒకటిన్నర పేజీల రిపోర్టు టైపు చేసి సంతకం పెట్టి ఇచ్చాను. "ప్రతిసారీ నొక్కినాను సార్, టిక్కు కూడా పెట్టినాను చూడండి" అని ఆమె నోటుబుక్కు చూపించింది. టిక్కు పెట్టడం వేరు, నొక్కడం వేరు అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

ఆఫీసులో పెద్దవాళ్లు ఆమెకు మంచి చెప్పారు. తప్పు ఒప్పుకుని క్షమాపణ కాగితం రాసివ్వు, మేనేజరు కరుగుతాడు అని. ఆమె రాసిచ్చింది. నా అజాగ్రత్త వల్ల జరిగింది, మన్నించండి అని. కరగడం మాట దేవుడెరుగు, ఆ కాగితం, నా రిపోర్టు కలిపి ఒక ఫైలులో పెట్టారు. సోమవారం పదకొండు గంటలకు ఆమెను పిలిచి ఉద్యోగం లేదని చెప్పడానికి నిర్ణయమైపోయింది. నన్నూ రమ్మన్నారు, సాంకేతిక నిపుణుడు పక్కనుంటే బాగుంటుందని.

ఆ సోమవారం నాకు తెలిసినవాళ్ల జీపు దొరికింది. బస్సులో వస్తే పదిన్నర అయ్యేది, జీపులో తొమ్మిదిన్నరకే మిల్లులో దిగాను. నేను వచ్చినట్టు ఎవరికీ తెలియదు. టైపిస్టమ్మ బల్ల దగ్గర ఉంది. ఆ రోజుతో ఉద్యోగం పోతుందని ఆమెకు దాదాపు తెలుసు, అయినా ఆదోని నుంచి వచ్చిన ఫ్లాపీ పెట్టి మామూలుగా పని చేస్తోంది. నేను వెనక నిలబడ్డాను. రెండు నొక్కింది. తీయవచ్చు అని వచ్చింది. నోటుబుక్కులో టిక్కు పెట్టి ఫ్లాపీ వైపు చెయ్యి చాపింది.

ఎందుకో తెలియదు, "ఆగమ్మా" అన్నాను. పక్క కుర్చీ లాక్కుని, రూట్‌గా లోపలికి పోయి, ఇప్పుడు ఏమేం మౌంట్ అయి ఉన్నాయో చూపించమని మిషనును అడిగాను. పట్టీలో ఫ్లాపీ ఉంది. అన్‌మౌంట్ కాలేదు. మెనూ కాకుండా నా చేత్తో అన్‌మౌంట్ ఆజ్ఞ ఇచ్చాను. మిషను నాకు ఒకే వరస చెప్పింది: డివైస్ బిజీ. ఎవరో వాడుతున్నారు, వదలను అని. ఈ మాట అది ఎన్ని వారాలుగా చెప్తూ ఉందో, అంతా నా చెత్తబుట్టలోకి పోయింది.

తలెత్తి చూశాను. అవతలి బల్ల దగ్గర మేస్త్రి తెర మీద లాట్ల పట్టీ తెరిచి ఉంది. కుర్చీలో మనిషి లేడు. కుర్చీ వీపు మీద ఆయన ఎర్రంచు తువాలు. పట్టీ చూస్తూ చూస్తూ గోడౌనుకు పోయి దూది లాగి చూసి రావడం ఆయన అలవాటు, మళ్లీ వెతుక్కోవడం ఎందుకని తెర అట్లాగే వదిలిపోతాడు. ఆయన పట్టీ తెరిచి ఉన్నంతసేపు మిషను ఫ్లాపీని వదలదు. వదలకుండానే వదిలానని తెర చెప్పేది, టైపిస్టమ్మ నమ్మి తీసేది. తర్వాత ఇంకో ఫ్లాపీ పెడితే, పాతదే ఇంకా ఉందనుకుని మిషను పాత ఫ్లాపీ పట్టికను కొత్తదాని మీద రాసేసేది. అంతటితో ఒక్కోసారి రెండూ గోవిందా.

అంతలో మేస్త్రి వచ్చాడు. నన్ను చూసి గాభరాగా తెర మూయబోయాడు. "సారొచ్చినాడని ఎవురూ సెప్పలేదే. సెప్పింటే ముందే మూసేసి వచ్చేటోణ్ణి కదప్పా" అన్నాడు.

"నేనొచ్చినప్పుడల్లా మూస్తావా మేస్త్రీ?"

"మూయనా మత్తె? పెద్దోళ్లొచ్చినప్పుడు యాడిదాడ తెరుసుకోని కూసుంటే మర్యాదనా?"

నేను పరీక్షించిన ప్రతిసారీ ఎందుకు సరిగ్గా ఉందో అప్పుడు అర్థమైంది. ఈ పెద్దమనిషి నా మీద గౌరవంతో తెర మూసి, నాతో మాట్లాడటానికి వచ్చి నిలబడేవాడు. ఆయన మర్యాద చూపించాడు, నేను రిపోర్టు రాశాను.

ఇక్కడ నేను లేచి నేరుగా మేనేజరు గదిలోకి నడిచానని రాస్తే బాగుంటుంది. కానీ జరిగింది వేరు. టైపిస్టమ్మకు ఏమీ చెప్పకుండా క్యాంటీనుకు పోయాను. ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఇంకో ప్లేటు చెప్పాను. పక్కనే ఉన్నా వాళ్లిద్దరికీ ఏమీ అర్థం కాలేదు, ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. మెనూలో ఒక వరస మార్చితే రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది, ఇకపై ఫ్లాపీ చెడదు, ఆమె పోయాక బాగుపడిందని అందరూ అనుకుంటారు, నా రిపోర్టు ఇంకా గట్టిపడుతుంది. బెంగళూరు. రెండో ప్లేటు సగం వరకు నేను ఆ లెక్కలోనే ఉన్నాను. గడియారం పదకొండుకు దగ్గరైంది. గాజు కిటికీలోంచి ఆమె లేచి చీర కొంగు సర్దుకుని, నోటుబుక్కు పట్టుకుని మేనేజరు గది వైపు నడవడం కనపడింది. ఆ నోటుబుక్కు ఎందుకు తీసుకుపోతోందో నాకు తెలుసు. ప్లేటు వదిలేసి పరుగెత్తాను.

ఆమె కంటే ముందు గదిలో దూరి, "సార్, ఒక్క నిమిషం నాతో మాట్లాడండి" అన్నాను. ఆమెను బయట కూర్చోమన్నాడు మేనేజరు.

"సార్, బస్టాండులో బస్సు రాగానే కిటికీలోంచి సీటు మీద తువాలేస్తారు. ఆ సీటెవరిది?" అన్నాను.

"తువాలేసినోడిది. ఏమైందప్పా నీకు?"

"మేస్త్రి తెర మీద పట్టీ తెరిచి ఉంటే ఫ్లాపీ మీద తువాలేసినట్టు సార్. మిషను ఇంకెవరికీ వదలదు. వదలనని చెప్తుంది కూడా. చెప్పకుండా దాని నోరు కట్టేసింది నేను. అది వదలకపోయినా తీయవచ్చని తెర మీద రాయించింది నేను. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా తప్పు చేయలేదు."

మేనేజరు ఫైలు తెరిచి నా రిపోర్టు చూశాడు. "మరి ఇది?"

"తప్పు సార్."

"ఇంకెవరికన్నా తెలుసునా ఈ సంగతి?"

"లేదు సార్."

"అట్లయితే నాకెందుకు చెప్తాండావు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నోట్లో బజ్జీ కారం ఇంకా ఉంది. ఆయన ఫైలు మూసి, "బెంగళూరు పోస్టు పోతాది, తెలుసు కదా" అన్నాడు. తెలుసు అన్నాను. ఇదంతా కాగితం మీద రాసివ్వమన్నాడు. అక్కడే కూర్చుని రాశాను. నా ఉద్యోగ జీవితంలో కొట్టివేతలు లేకుండా రాసిన కాగితం అదొక్కటే.

తర్వాత ఆమెను పిలిచారు. మేనేజరు రెండు ముక్కల్లో సంగతి చెప్పి, ఆర్డరు ఈ వారంలో వస్తుందని కూడా అని, ఆమె క్షమాపణ కాగితం తీసి ఆమె చేతికిచ్చాడు. "చింపెయ్యమ్మా, నీ తప్పేం లేదు" అన్నాడు. ఆమె చింపలేదు. మడిచి నోటుబుక్కులో పెట్టుకుని, నమస్కారం చేసి బయటికొచ్చింది. వెనకాలే నేనూ వచ్చాను.

వరండాలో నిలబడి, "నన్ను క్షమించమ్మా, నీ మాట నమ్మాల్సింది" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

"మీరు నమ్మకపోవడం కాదు సార్," అంది. "ఈ కాగితం రాసినప్పుడు అబద్ధం రాస్తాండానని నేననుకోలేదు. నేనే నొక్కకుండా తీసింటానని నమ్మినాను. నొక్కినట్టు గుర్తుంది, కానీ గుర్తున్నది నిజం కాదేమో అనిపించింది. ఈ నెలంతా పొద్దున బస్సెక్కినాక పొయ్యి ఆర్పినానో లేదోనని అనుమానమే సార్. రెండుసార్లు మధ్యలో దిగి ఎనక్కి పోయినాను. రెండుసార్లూ ఆరిపోయే ఉండాది. అయినా నమ్మకం కుదరల్యా."

మిషనును బాగుచేయడం నాకు వచ్చు. ఇందులో నేను చెడగొట్టినదాన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టి బాగుచేయాలో తెలియలేదు. ఆమె నా వైపు చూస్తూ నిలబడింది, ఏదో ఒకటి నేను చెప్పాలన్నట్టు.

"ఆర్పినావమ్మా," అన్నాను. "రోజూ ఆర్పే వచ్చినావు."